హ్యాటీ సీటు తిప్పిందెవరు

మూర్‌హెడ్, మిన్నెసోటా
17 సెప్టెంబరు 2019, మంగళవారం

ఆర్డిస్ అత్తయ్యకి,

పట్టుమని పాతిక మైళ్ళ దూరం లేదు, ఉత్తరమేమిటి అనుకుంటారేమో. ఫోన్ చేస్తే మీరు "అలాగా" అంటారు, తర్వాత వాన సంగతి చెబుతారు, తర్వాత పెట్టేస్తారు. కాగితం మీదైతే నా మాట చివరిదాకా వెళ్తుంది.

రోజంతా జనం నోళ్ళలో చెయ్యి పెట్టి పళ్ళ పాచి గీకే ఉద్యోగం నాది. నాకు అంత తేలిగ్గా అసహ్యం పుట్టదు. ఇవాళ పుట్టింది.

సాయంత్రం హ్యాటీ కోసం మీ ఇంటికి వచ్చినప్పుడు, దాని దుప్పటి తీసుకుందామని మీ బ్యూక్ కారు వెనక తలుపు తీశాను. పిల్లని కూచోబెట్టి పట్టీలు కట్టే సీటు ముందుకి తిరిగి ఉంది. పద్నాలుగు నెలల పిల్ల. మాన్యువల్ ఒళ్ళో పెట్టుకుని, మోకాలితో తొక్కి, వెనక్కి చూసేలా నా చేతులతో బిగించిన సీటు అది. పైగా దాని అడుగున ఎండిపోయిన వాంతి, దాని మీద అంటుకుపోయిన బిస్కట్ పొడి. నోరు తెరిస్తే ఏం వస్తుందో నాకే తెలియక పిల్లని ఎత్తుకుని వచ్చేశాను. గుమ్మంలో మీరు తీపి బార్స్ డబ్బా చేతిలో పెట్టారు. తీసుకున్నాను. ఇప్పుడు అదీ అసహ్యంగానే ఉంది.

దాని మొదటి పుట్టినరోజు మీకు గుర్తుండే ఉంటుంది. కేకు తినగానే మీ ఇంటి మగాళ్ళంతా వాకిట్లోకి వచ్చి నా కారు చుట్టూ నిలబడ్డారు. ఏడాది నిండగానే సీటు ముందుకి తిప్పి ఫొటో తీయించుకోవడం టాలెఫ్స్‌రూడ్‌ల ఆచారమట. మీ అమ్మాయి గ్వెన్ పిల్లలకి ఓర్విన్ మామయ్య బతికుండగా ఆయనే తిప్పారట. నేను కుదరదన్నాను. మీరు సీటు కేసి చూసి "ఊఁ, వేరేగా ఉందే" అన్నారు. నేను బాల్టిమోర్‌దాన్ని. మెచ్చుకున్నారనుకుని థాంక్స్ చెప్పాను. మీ ఊళ్ళో "వేరేగా ఉంది" అంటే ఇంత దరిద్రం ఎక్కడా చూడలేదని అర్థమట. కారెక్కాక మీ అబ్బాయి డారెల్ చెప్పి నవ్వాడు.

ఇవాళ కూడా వాణ్ణే అడిగాను. "అమ్మే తిప్పి ఉంటుంది. ఆవిడంతే, చెప్తే వినదు" అన్నాడు, టీవీ మీంచి కళ్ళు తీయకుండా.

ఇకమీదట ఆ సీటు జోలికి పోనని మీరు రాసేదాకా హ్యాటీ మీ ఇంటికి రాదు. అది మీ దగ్గరుండే మంగళవారాలు మీకెంత ముఖ్యమో నాకు తెలుసు. నాకు దాని మెడ ముఖ్యం.

బ్రిన్


నార్బీ
20 సెప్టెంబరు

అమ్మాయ్ బ్రిన్,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ పంచదార దుంపలు తవ్వడం మొదలెట్టారు. రోడ్డంతా లారీల చక్రాల బురద. పోస్టు డబ్బా దాకా వెళ్ళేసరికి బూట్లు పోయాయి, అంత కష్టపడి వెళ్ళినందుకు నీ ఉత్తరం దొరికింది.

నా రూబార్బ్ బార్స్ అసహ్యంగా ఉన్నాయన్నావు. మా చర్చి వాళ్ళలో ఎవరు పోయినా ఆ తర్వాతి భోజనంలో ముందు అయిపోయేది ఆ పళ్ళెమే. ఇన్నేళ్ళలో ఒక్కరూ ఒక్క ముక్క వదిలింది లేదు. నచ్చకపోతే కుక్కకి పెట్టుకో, ఉత్తరంలో రాయక్కర్లేదు.

వాంతి సంగతి. నేను టర్కీ కోళ్ళ ఫ్యాక్టరీలో నిలబడి పేగులు లాగినదాన్ని. ఇంటికొచ్చి అదే చేత్తో పిల్లలకి అన్నం పెట్టాను. పసిపిల్ల కక్కితే ముక్కు మూసుకునే రకం కాదు నేను. నా కంట పడితే తుడిచేదాన్ని.

ఇక సీటు. తిరిగితే తిరిగింది, మంచిదే అయింది. లైబ్రరీకి వెళ్ళేదాకా ఎదురొచ్చిన ప్రతి లారీకీ చెయ్యూపింది పిల్ల. అద్దంలో దాని మొహం చూడడం నాకదే మొదలు. అన్నాళ్ళూ తప్పు చేసినదాన్ని గోడకేసి కూచోబెట్టినట్టు కూచోబెట్టావు. దాని కాళ్ళు మడుచుకుపోయి కప్పలా ఉండేవి. ఏడాది నిండిన పిల్లని తిప్పడం మా ఆయన అందరికీ చేశాడు, అందరి మెడలూ ఉన్నచోటే ఉన్నాయి. డారెల్‌ని ఆస్పత్రి నుంచి పికప్ బండిలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. వాడికేం రోగం? దీనికి నేను క్షమాపణ రాయను.

పంపకపోతే నీ ఇష్టం. పిల్ల నీది. దాని ఎర్రబూట్లు మా గుమ్మంలోనే ఉన్నాయి. మంగళవారం పొద్దున లేచి వాటికేసి చూస్తూ కాఫీ తాగాలి, అంతే గదా.

ఆర్డిస్ టాలెఫ్స్‌రూడ్


మూర్‌హెడ్
24 సెప్టెంబరు

అత్తయ్యా,

బ్యాంకుకి రాసినట్టు ఇంటిపేరుతో సహా సంతకం పెట్టారు. సరే.

బార్స్ బాగానే ఉన్నాయి. మీ మీద అంత మండిపడుతూ మీ బార్స్ చేయిచాచి తీసుకున్నానే, అది అసహ్యం అన్నాను. అన్నీ నేనే తిన్నాను, అది ఇంకా అసహ్యం.

కానీ మీరు మంచిదే అయిందని రాశారు చూడండి, అది చదివి ఒళ్ళు మండింది. చేసిందాన్ని చేశానని కూడా సూటిగా అనరు. సీటు తనంతట తానే తిరిగినట్టు "తిరిగితే తిరిగింది" అట.

ఇది విని తర్వాత తిట్టండి. ఈ వయసు పిల్లకి తల పెద్దది, మెడ లేతది. మెడ ఎముకలు ఇంకా గట్టిపడలేదు. ముందునుంచి గుద్దుకుంటే, ముందుకి చూసే పిల్ల ఒంటిని పట్టీలు ఆపుతాయి, తలని ఏదీ ఆపదు. వెనక్కి చూసే పిల్లకి తలా మెడా వీపూ మొత్తం ఒకేసారి సీటే పట్టుకుంటుంది. ఏడాది నిండితే తిప్పడమనేది మామయ్య కాలం లెక్క. అప్పుడు అందరూ అదే చెప్పేవారు, మామయ్య తప్పు లేదు. ఇప్పటి మాట ఏమిటంటే, సీటు పక్కన అంటించిన కాగితంలో ఉన్న బరువో ఎత్తో దాటేదాకా వెనక్కే. తల సీటు పైఅంచుకి అంగుళం దూరంలోకి వచ్చేదాకా. హ్యాటీ ఇంకా ఆ దరిదాపుల్లో లేదు. కాళ్ళు మడుచుకుంటే ఏమీ కాదు, పిల్లలు ఎలాగూ కాళ్ళు మడుచుకునే కూచుంటారు.

తిప్పినా సరిగ్గా తిప్పారా అంటే అదీ లేదు. ముందుకి తిప్పినప్పుడు సీటు వెనక పైనుంచి వచ్చే పట్టీని కారుకి కొక్కెం వేసి తీరాలి. అది ఉత్తినే వేలాడుతోంది. వేలాడకూడని కింది పట్టీ కొసని మాత్రం పీటముడి వేసి పెట్టారు. ఆదివారం డారెల్ మీ కారులో సీటు విప్పి ఇంటికి తెచ్చాడు, ఉతుకుదామంటే ఆ ముడి ఊడి రాదు. ఫోర్కు పెట్టి పెకలించాను, గోళ్ళు విరిగాయి.

వెనక్కి కూచుంటే పిల్లకి కడుపులో తిప్పుతుందని, అందుకే వాంతి చేసుకుంటోందని మీరన్నారట. డారెల్ చెప్పాడు.

మంగళవారమైనా హ్యాటీని ఇవాళ కూడా డే కేర్‌లోనే దింపాను. బ్లీచింగ్ కంపు. గేటు దగ్గర నా కోటు పట్టుకుని వదల్లేదు. మీ మొండితనానికి ఏడ్చింది అది.

బ్రిన్


నార్బీ
28 సెప్టెంబరు

బ్రిన్,

బుధవారం ముసలి హెల్గా అంత్యక్రియలు. భోజనానికి హాట్‌డిష్ రెండు పళ్ళేలు చేశాను. ఒకటి ముందు సీట్లో పెట్టాను, ఇంకోటి వెనక, డ్రైవరు సీటు వీపుకి ఆనించి కింద పెట్టాను. లారీల బురద మీద మెల్లగానే పోతున్నా. మలుపులో జింక అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను.

జింక తప్పించుకుని పోయింది. ముందు సీట్లో పళ్ళెం అద్దానికి కొట్టుకుంది. బంగాళాదుంపలూ పుట్టగొడుగుల సూపూ గాలి కంతల్లోకి దిగిపోయాయి, ఇప్పటికీ హీటరు పెడితే కారంతా సూపు కంపే. వెనక ఆనించిన పళ్ళెం మీద రేకు కూడా చెదరలేదు.

రోడ్డు పక్కన ఆపి గరిటెతో ఆ ముద్ద ఎత్తుతూ నీ ఉత్తరం గుర్తొచ్చి కూచుండిపోయాను. ఆ అద్దం మీద ఏం చూశానో రాయను. నువ్వు చెప్పింది అర్థమైంది. ఇప్పటికీ వేరేగానే ఉంటుంది చూడ్డానికి. ఉండనీ.

ఇంకోటి. నేను సీటు తిప్పానని నీకెప్పుడు రాశాను? తిరిగి ఉంది, చూశాను. ఇన్నాళ్ళకి నీకు బుద్ధొచ్చి మీ ఆయన చేత తిప్పించావనుకున్నాను. లోపల్లోపల సంతోషించాను కూడా. పిల్లకి కడుపులో తిప్పుతుందని నేను ఎవరితోనూ అనలేదు.

ఆ ముడి సంగతి రాశావు. నా వేళ్ళు కీళ్ళవాతంతో కొయ్యల్లా ఉన్నాయి. ఊరగాయ సీసా మూత తీయడానికి పక్కింటి లెస్టర్‌ని పిలుస్తాను. నేను ముడి వేయడమా? అది ఎలా ఉందో కాస్త రాయి. ఉచ్చులోంచి ఉచ్చు తీసి, కొసని రెండుసార్లు లోపలికి దోపినట్టు ఉందా?

నాకు ఎవరి మీదా అనుమానం లేదు. అడుగుతున్నానంతే.

ఆర్డిస్


మూర్‌హెడ్
1 అక్టోబరు

అత్తయ్యా,

అవును, సరిగ్గా అలాగే ఉంది. ఉచ్చులో ఉచ్చు, కొస రెండుసార్లు దోపి. మీరు చూడకుండా అంత వివరంగా ఎలా రాశారో నాకర్థం కాలేదు.

మీరు తిప్పలేదని రాసిన ముక్క డారెల్‌కి చదివి వినిపించాను. టీవీ కట్టేశాడు. తర్వాత "తిప్పి మర్చిపోయి ఉంటుంది. వయసు గదా. ఈ మధ్య అమ్మకి మతిమరుపు ఎక్కువైంది, ఒకసారి డాక్టరుకి చూపిద్దాం" అన్నాడు. మీ గురించి దిగులుగానే అన్నాడు.

దీనికి నేనేం రాయాలో తెలియడం లేదు. మీకు బాగాలేకపోతే దాచకండి. కోపం వేరు, ఇది వేరు.

బ్రిన్


నార్బీ
4 అక్టోబరు, శుక్రవారం

బ్రిన్,

ఈ ఉత్తరం పోస్టులో వేయలేదు. లెస్టర్ మూర్‌హెడ్ వస్తుంటే ఇచ్చాను. మిగతాది తర్వాత చదువుదువుగాని, ముందు వెళ్ళి డారెల్ పికప్‌లో పిల్ల సీటు ఎటు ఉందో చూడు.

చూశావా.

ఆ ముడి మా ఆయనది. శీతాకాలంలో గడ్డిమోపుల లారీ తోలేవాడు, గాలికి తాడు ఊడకుండా ఆ ముడి తనే కనిపెట్టుకున్నాడు. గ్వెన్‌కి రాదు. నాకు నేర్పబోతే నేను నేర్చుకోలేదు. నేర్పింది ఒక్కడికే.

నిన్న డారెల్‌ని భోజనానికి పిలిచాను. పంది మాంసం, ఉడకబెట్టిన బంగాళాదుంపలు, వాడికిష్టమైన గ్రేవీ. వాడు తింటుంటే ఒక పాత పట్టీ వాడి ముందు పెట్టి "ఇది కుర్చీకి కట్టరా, ఊడకుండా" అన్నాను. నమలడం ఆపకుండా కట్టేశాడు. ఉచ్చులో ఉచ్చు, కొస రెండుసార్లు. అప్పుడు అడిగాను, "బ్యూక్‌లో కట్టింది కూడా ఇదేనా?" అని. ఫోర్కు కింద పెట్టాడు.

నువ్వు డ్యూటీలో ఉన్న శనివారం ఫుట్‌బాల్ ఆటకి పిల్లని నా బ్యూక్‌లో తీసుకెళ్ళాడట, దారిలో అది కక్కింది. అది చూసి వీడూ దిగి కాలవగట్టున కక్కాడు. వెనక్కి కూచోవడం వల్లే కక్కుతోందని వాడే తేల్చుకుని, సీటు తిప్పేశాడు. వాంతి తుడవలేదు. తుడవడానికి వాడికి కడుపులో తిప్పిందట. కన్నకూతురి వాంతి. టర్కీల పేగుల్లో నా చేతులు మునిగినన్నాళ్ళూ ఆ డబ్బుతో పెరిగినవాడు.

నాకు కోపం రాలేదమ్మాయ్. పిల్ల చిన్నది, మగాడు తెలివితక్కువవాడు, తిప్పాడు. అంతవరకు అర్థం చేసుకోగలను. నా పేరెందుకు చెప్పావురా అన్నాను. "నీ మీద బ్రిన్‌కి ఎలాగూ మంటే కదమ్మా, ఇంకాస్త పెరిగితే ఏమవుతుంది" అన్నాడు. అలా అని గ్రేవీ గిన్నె ముందుకి లాక్కున్నాడు. మతిమరుపు మాట నువ్వు రాయకపోతే నాకు తెలిసేదే కాదు. నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి మతి పోయిందని రాయించేవాడే, ఒక వాంతి మరక దాచడానికి. నా కొడుకుని చూస్తే నాకు రోత పుట్టింది. ఇది నా చేత్తో రాస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

లేచి వెళ్ళబోతూ తనే కక్కాడు రెండో నిజం. పికప్‌లో కూడా తిప్పేశాడట, అప్పటినుంచే. దుంపలు మోసే ఆ పికప్ కంపుకి నువ్వు దాని తలుపు తీయవని ధైర్యం. రోజూ డే కేర్ నుంచి పిల్ల అలాగే వస్తోంది.

వాణ్ణి నీ దగ్గర పట్టించడం నాకేం తేలిక కాదు. కానీ ఆ జింక నా కళ్ళ ముందునుంచి పోవడం లేదు.

అత్తయ్య


మూర్‌హెడ్
5 అక్టోబరు

అత్తయ్యా,

లెస్టర్ ఇంకా గుమ్మంలో ఉండగానే మొదటి ముక్క చదివి పికప్ దగ్గరికి పరిగెత్తాను. ముందుకే ఉంది. పై పట్టీ వేలాడుతోంది. ముడి కూడా ఉంది. డారెల్ నా వెనకాలే వచ్చాడు. "ఇప్పుడేమైంది, ఏమీ కాలేదుగా" అన్నాడు.

నేను అరవలేదు. అరిస్తే భార్య అరిచిందనేది గుర్తుంటుంది, అరిచిందెందుకో మర్చిపోతాడు. మాన్యువల్ చేతిలో పెట్టి, సీటు విప్పి, గుడ్డ ఉతికి, సందుల్లో పాతవన్నీ చెంచాతో గీకి, వెనక్కి బిగించేదాకా ఇంట్లోకి రావద్దన్నాను. లైలాక్ పొద దగ్గర ఒకసారి కక్కుకుని వచ్చాడు. నీళ్ళిచ్చాను. మళ్ళీ సీటు చూపించాను. వాణ్ణి చూస్తే నాకూ అదే అనిపించింది, మీరు రాసిన మాట.

మీ మీద వేసిన నిందకి ఏం రాసినా చాలదు. మీ కొడుకు మాట కంటే మీ మాట నమ్మాలని నాకు తోచలేదు. అందుకు సిగ్గుగా ఉంది.

మంగళవారం హ్యాటీ వస్తుంది. సీటు నేను తెచ్చి మీ బ్యూక్‌లో బిగిస్తాను, మీరు పక్కన నిలబడి చూడండి. దాని మొహం కనపడేలా వెనక సీటుకి అద్దం ఒకటి తగిలిస్తాను. తల పైఅంచు దగ్గరికి ఎప్పుడొస్తుందో మీరే కొలుస్తూ ఉండండి. వచ్చిన రోజున దాన్ని ముందుకి తిప్పేది మీరు. ఫొటో నేను తీస్తాను. మీ ఇంటి మగాళ్ళు వాకిట్లో నిలబడి చూడొచ్చు.

బ్రిన్


నార్బీ
10 అక్టోబరు

అమ్మాయ్,

బూట్లు వేసుకోనని గుమ్మంలో ఎంత గొడవ చేసిందో. బిగుతయ్యాయి. కొత్తవి కొంటాను.

నువ్వు వెళ్ళాక లైబ్రరీకి బయల్దేరాం. ఆ అద్దంలో నన్ను చూసి నవ్వింది, నేనూ నవ్వాను, లారీ వాడు హారన్ కొట్టాడు. ఇప్పుడు వెనకద్దంలోంచి లారీలకి చెయ్యూపుతుంది. వాళ్ళూ ఊపుతారు. ఎటు తిరిగి ఊపితే ఏం?

వంతెన దాటగానే కక్కింది. వెనక్కి కూచోబెట్టినా, ముందుకి కూచోబెట్టినా కక్కే పిల్లే అది, వాళ్ళ నాన్న పోలిక. పొద్దున పాలు కాస్త తక్కువ పట్టాలి, అంతే. ఎత్తుకునేసరికి మిగతాది నా మంచి ఉన్ని కోటు మీద పోసింది. పిల్లనీ సీటునీ తుడిచాను. కోటు తుడవలేదు. మడిచి సంచిలో పెట్టి, రెండు రోజులు ఎండలో మాగనిచ్చాను.

ఇవాళ డారెల్ కట్టెలు దింపడానికి వచ్చాడు. కళ్ళలోకి చూడకుండా "అమ్మా, ఇంకేమైనా పనుందా" అన్నాడు. నా వేళ్ళు పనిచేయవు గదా, ఈ సంచి మూతి బిగించి పెట్టరా, మీ నాన్నలాగా అన్నాను. లోపల ఏముందని అడగలేదు. బుద్ధిగా ఉచ్చులో ఉచ్చు వేసి, కొస రెండుసార్లు దోపి కట్టాడు. ఈ ఉత్తరంతో పాటు ఆ సంచి వాడితోనే పంపుతున్నాను.

నువ్వు ముట్టుకోకు. ఫోర్కు ఒకటి వాడి చేతికివ్వు. వాడి ముడి వాణ్ణే విప్పుకోమను.

అత్తయ్య